డిటెక్టివ్ పెర్సీ, నా కొత్త ట్వీడ్ టోపీ

"ఈ క్లెగ్‌థార్ప్ ఊళ్ళో ఇంకా నేరాలు జరుగుతున్నాయంటే కారణం ఒక్కటే, ఈనాక్. నేరస్తులకి నా గురించి ఇంకా పూర్తిగా తెలీకపోవడం!"

ఈ మాట అన్నది పెర్సీ బారక్లఫ్. అదీ మా వంటింట్లో, నా కుర్చీలో కూర్చుని, నా కప్పులో టీ తాగుతూ. ముప్పై ఒక్క ఏళ్ళు ఇల్లిల్లూ తిరిగి గ్యాసు మీటర్లు చూసి రిటైరయిన మనిషి, ఒకరోజు పొద్దున్నే లేచి తాను డిటెక్టివ్‌నని ప్రకటించుకున్నాడు. "ప్రతి ఇంట్లో మెట్ల కింద చీకటి అర చూసినవాణ్ణి. మనుషులు ఏం దాస్తారో నాకు తెలిసినట్టు ఎవడికి తెలుసు?" అంటాడు. నాకు తెలిసినంతలో మావాళ్ళు మెట్ల కింద దాచేది బంగాళాదుంపలు.

అప్పటికి పెర్సీ చేతిలో పడ్డ పెద్ద కేసు పోస్టుమాను సైకిలు మాయమవడం. నాలుగు రోజులు శ్రమపడి సైకిలు పట్టుకున్నాడు. పట్టుకున్నప్పుడు దాని మీద పోస్టుమానే ఉన్నాడు.

సరే, టోపీ సంగతికి వస్తాను. అసలు గొడవ మా ఆవిడ హిల్డా మొదలుపెట్టింది.

"ఏమయ్యా, ఇంక ఆ టోపీతో చర్చికి వచ్చావంటే నీ పక్కన కూర్చోను. పోయిన ఆదివారం ముందు బెంచీ వాళ్ళు కిటికీ తీశారు. బయట జోరున వాన కురుస్తుంటే!"

"పావురాల మధ్య తిరిగే టోపీ కదా హిల్డా..."

"ఆ పావురాల సంగతీ చెప్తున్నా విను. ముప్పై ఏళ్ళుగా పందెం పందెం అంటున్నావు. ఒక్కసారి గెలిచిన పాపాన పోలేదు. ఈ జూలైలో కప్పు రాకపోతే ఆ గూడు పీకించి గులాబీలు వేయిస్తా."

ఆ గూడు నా చేతుల్తో కట్టుకున్నది. మిల్లు మూతపడి పని పోయిన ఏడాది నేను పిచ్చివాణ్ణి కాకుండా బతికానంటే ఆ పావురాల వల్లే. ఇప్పుడు నా ఆశంతా నీలిపెట్ట అనే పావురం మీద ఉంది. అలాంటి పిట్ట మా గూట్లో మళ్ళీ పుట్టదు.

కొత్త టోపీ కొనడానికి పెర్సీ తోడొచ్చాడు. రమ్మని ఎవరూ పిలవలేదు.

"ట్వీడ్ ఉన్ని టోపీ ఎంచుకోవడం ఒక శాస్త్రం," అని దుకాణంలో మొదలెట్టాడు. "నీ కోటుకి గళ్ళున్నాయి. కాబట్టి టోపీకి గళ్ళుండకూడదు. రెండూ గళ్ళయితే మనిషిలా కాదు, సోఫాలా ఉంటావు."

దుకాణం యజమాని థ్వెయిట్స్ గారు చేపముల్లులాంటి గీతల నేత ఉన్న గోధుమరంగు టోపీ ఒకటి తీశారు. పెర్సీ దాన్ని నా తలమీద పెట్టి, నుదుటికీ టోపీకీ మధ్య వేలు దూర్చాడు.

"ఒక వేలు దూరాలి. రెండు దూరితే గాలికి పోతుంది. ఒకటీ దూరకపోతే తలనొప్పి."

"దూరింది కదా, ఇక తియ్యి."

"తీస్తున్నా."

"తియ్యవేం?"

"రావడం లేదు."

థ్వెయిట్స్ గారు వచ్చి వేలు ఒకవైపు, టోపీ ఒకవైపు లాగి మమ్మల్ని విడదీసి, ఒక సైజు పెద్దది ఇచ్చారు.

"ఇప్పుడు వంపు," అన్నాడు పెర్సీ వేలు ఊదుకుంటూ. "టోపీ తిన్నగా పెట్టుకున్నవాడు అమాయకుడు. వెనక్కి తోసుకున్నవాడు వట్టి బద్ధకస్తుడు."

థ్వెయిట్స్ గారు తన టోపీని గబుక్కున ముందుకి లాక్కున్నారు.

"కుడి కనుబొమ్మ మీదికి కొద్దిగా వంచి, అంచు నీడ కంట్లో పడేలా పెట్టుకున్నవాడు మాత్రం మహా మేధావి."

"అలా ఎవరు పెట్టుకుంటారు?"

"నేను."

అలాగే నాకూ పెట్టాడు. అద్దంలో ఎవరో పెద్దమనిషి కనిపిస్తే పక్కకి జరిగి దారివ్వబోయాను. అబద్ధం చెప్పడమెందుకు, బాగానే ఉన్నాను. పదిహేడేళ్ళ నా పాత టోపీని థ్వెయిట్స్ గారు రెండు వేళ్ళతో పట్టుకుని సంచిలో వేశారు. పారేయమనబోతే పెర్సీ లాక్కున్నాడు.

"నా మారువేషాల పెట్టెకి కావాలి. ఇంత అసలైన కంపు కొందామన్నా దొరకదు! ఈనాక్, నువ్వు మాత్రం ఈ కొత్త టోపీ పగలంతా తియ్యకు. స్టైల్ అనేది సాధనతో వస్తుంది."

ఆ శనివారమే చిన్న పందెం. మా పందెంలో, దూరాన వదిలిన పావురం ఇంటిమీదికి వస్తే చాలదు. కిందికి దిగాలి, గూట్లోకి రావాలి, దాని కాలి రబ్బరు ఉంగరం తీసి పందెం గడియారంలో వేయాలి. అప్పుడే లెక్క. నీలిపెట్ట అందరికంటే ముందే వచ్చింది. నేను గింజల డబ్బా గలగలలాడించాను. అది గూటిమీద రెండు చుట్లు తిరిగి, నన్ను చూసి, చర్చి పొగగొట్టం మీద కూర్చుంది. యాభై నిమిషాలు అక్కడే ఉంది!

మా పెరటి కంచె అవతల పక్క మడి సెడ్రిక్ మర్గట్రాయిడ్‌ది. అతని పిట్ట టపీమని దిగింది. ముప్పై ఏళ్ళుగా కప్పులన్నీ అతని ఇంట్లోనే ఉన్నాయి.

"అయ్యో, ఈనాక్," అన్నాడు కంచె మీంచి.

"విన్నావా?" పెర్సీ నా చెవిలో అన్నాడు. "అంత తియ్యగా అయ్యో అన్నవాడు నిర్దోషి అయ్యే ప్రసక్తే లేదు. ఇది అంతర్జాతీయ కుట్ర!"

"పావురం దిగకపోతే అంతర్జాతీయమేంటయ్యా?"

"జూలై పందెంలో పిట్టల్ని వదిలేది ఫ్రాన్సులో కాదూ?"

ఆ వారమంతా దర్యాప్తు జరిగింది. పిట్టలు ఆకలికి తట్టుకోలేక సాయంత్రం దిగేవి తప్ప, పిలిస్తే వచ్చేవి కావు. మర్గట్రాయిడ్ పిల్లి అడుగుజాడలు కొలవబోయి పెర్సీ చెయ్యి గీరించుకున్నాడు. బుధవారం మా దండెం మీద హిల్డా లోబట్టలు కనిపిస్తే, "శత్రువుల సంకేత జెండాలు!" అని దింపేసి సంచిలో కుక్కుకున్నాడు. హిల్డా చీపురుతో వీధి చివరిదాకా సాగనంపి వచ్చింది.

గురువారం నాడు ఆవిడ టేపు పట్టుకుని గూడు చుట్టూ కొలుస్తుంటే చూశాను. బల్లమీద గులాబీల పుస్తకం తెరిచి ఉంది.

జూలై పందెం రోజు వచ్చింది. నేను కొత్త టోపీ కుడి కనుబొమ్మ మీదికి వంచుకుని, గింజల డబ్బాతో నిలబడ్డాను. హిల్డా గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. పెర్సీ జాడ లేదు.

మధ్యాహ్నం రెండు దాటాక దక్షిణాన చుక్క కనిపించింది. నీలిపెట్టే! సముద్రం దాటి, అందరికంటే ముందు! డబ్బా ఆడించాను. ఈలేశాను. బతిమాలాను. అది చుట్లు తిరుగుతోంది తప్ప దిగడం లేదు. అంతలో దూరాన ఇంకో చుక్క కనిపించింది. మర్గట్రాయిడ్ పిట్ట.

"దిగవే తల్లీ, దిగు," అని డబ్బా పైకెత్తి చూపించాను.

సరిగ్గా అప్పుడే మర్గట్రాయిడ్ రూబార్బ్ మడిలో గొడుగుల్లాంటి ఆకులు కదిలాయి. వాటి మధ్య నుంచి, పాత గోనెసంచి కప్పుకుని, పదిహేడేళ్ళ నా పాత టోపీ పెట్టుకుని, పెర్సీ లేచి నిలబడ్డాడు.

"కదలొద్దు మర్గట్రాయిడ్! ఆట కట్టయింది!"

నీలిపెట్ట రాయి పడ్డట్టు దిగింది. తిన్నగా పెర్సీ నెత్తిమీదికి.

"దాడి! నా మీద దాడి!" అని పెర్సీ పరుగందుకున్నాడు. పిట్ట గోళ్ళు ట్వీడ్‌లో దిగబడిపోయాయి. కంచె దూకాడు, హిల్డా ఉల్లి మడి తొక్కాడు, కళ్ళు కనిపించక తలొంచుకుని నా గూట్లోకే దూసుకుపోయాడు. గుమ్మం నెత్తికి కొట్టుకుని టోపీ, పెర్సీ విడివిడిగా పడ్డారు. పిట్ట తాపీగా తన మెట్టు మీదికి గెంతింది. నేను ఉంగరం లాగి గడియారంలో వేశాను. పదకొండు సెకన్ల తర్వాత పక్క మడిలో మర్గట్రాయిడ్ గడియారం చప్పుడైంది.

కంచె అవతల అతను నా తలనీ, కింద పడ్డ టోపీనీ మార్చి మార్చి చూశాడు.

"నీకు మతిపోయిందా, ఈనాక్? పైనుంచి చూసే పిట్టకి నీ మొహం ఏం కనపడుద్దయ్యా? టోపీయే కదా కనపడేది! నా టోపీ ఉతుకుతానని మా ఆవిడ ఇరవై రెండేళ్ళుగా వెంటబడుతోంది. దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నా నేను."

కొత్తగా పావురాలు పెంచేవాళ్ళకి ముప్పై ఏళ్ళుగా నేను చెప్పే మొదటి మాటే అది. అద్దంలో పెద్దమనిషిని చూసుకుని మర్చిపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"సరిగ్గా నేను అనుకున్నదీ అదే!" అన్నాడు పెర్సీ గూట్లోంచి, బొప్పి తడుముకుంటూ.

"మరి రూబార్బ్‌లో ఎందుకు దాక్కున్నావు?" అంది హిల్డా.

"పావురానికి అనుమానం రాకుండా."

"అయితే నేరం ఎవరిది?"

పెర్సీ నోటుపుస్తకం తీసి ధీమాగా రాయడం మొదలెట్టాడు. "కొత్త టోపీ దగ్గరుండి కొనిపించి, పగలంతా తియ్యొద్దని చెప్పి, పాత టోపీ ఎత్తుకుపోయిన..." అని పెన్సిలు ఆపాడు. పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు.

"దర్యాప్తు కొనసాగుతోంది," అన్నాడు.

సాయంత్రం కప్పు ఇంటికి వచ్చింది. హిల్డా దాన్ని మూడుసార్లు తుడిచింది. గులాబీల పుస్తకం మళ్ళీ కనిపించలేదు. కొత్త టోపీ పెర్సీకిచ్చేశాను. నిజం చెప్పాలంటే వాడికే బాగా నప్పింది.

మర్నాడు చర్చికి బయల్దేరుతూ ఉత్త తలతో గుమ్మం దాటబోయాను. హిల్డా కొక్కేనికున్న పాత టోపీ తీసి నా చేతిలో పెట్టింది. చర్చిలో దాన్ని మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాను. ముందు బెంచీ వాళ్ళు కిటికీ తీశారు. కాసేపు ఓర్చుకుని, లేచి వేరే బెంచీకి వెళ్ళిపోయారు. హిల్డా ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఇంకాస్త నా పక్కకి జరిగింది.