అరుగు మీద ఆఫీసు

ఆ ఉదయం బాబీ వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిను వేళకల్లా అత్తవారి ఊరు చేరుకోవడం, పదింటికి మీటింగులో బుద్ధిగా కూర్చోవడం, అది అయిపోగానే భార్యతో కలిసి ఒక కాఫీ తాగడం. పెళ్ళయి మూడు నెలలు కూడా నిండని మగవాడికి భార్యతో కాఫీ అంటే పానీయం కాదు, పండగ. పటమట నుంచి కంకిపాడు దాకా బండి మీద వెళుతూ, కాలవకి కొత్త నీళ్ళు వచ్చినందుకు కూడా తనకే ఎవరో శుభాకాంక్షలు చెప్పినట్టు నవ్వుకుంటూ వెళ్ళాడు.

పథకానికి అడ్డు ఒక్కటే, ఆషాఢం. కొత్త కోడలూ అత్తగారూ ఒకే గడప దాటకూడదు, కొత్త అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు. బాబీ తల్లి రావమ్మ గారు ఈ విషయంలో శాస్త్రానికి ఇంకో రెండడుగులు ముందే ఉన్నారు. మాసం మొదలవగానే కోడలు మనోజ్ఞను పుట్టింటికి పంపేసి, కొడుకుని మాత్రం "వాళ్ళ ఊరి వైపు పోయే బస్సు కూడా ఎక్కమాకు" అని హెచ్చరించారు. బాబీ బస్సెక్కలేదు. బండి మీద వెళ్ళాడు. పక్కింట్లో టైల్స్ కోసే మోతకి పని సాగడం లేదని, గన్నవరం దగ్గర ఎవరిదో ఆఫీసులో కుర్చీ ఒకటి అద్దెకి తీసుకున్నానని తల్లికి చెప్పాడు.

దారి చూపించింది మామగారే. వెంకటప్పయ్య గారికి శాస్త్రమంటే భయం, అల్లుడంటే ముచ్చట. రెండింటినీ ఒకచోట కూర్చోబెట్టే ఉపాయం ఆయన దగ్గర ఉంది. "శాస్త్రం గడప అంది గానీ అరుగు అన్లేదు గదండీ అల్లుడుగారూ. మీరు అరుగు దాకా రండి. లోపలికి రాకుండా నేను చూసుకుంటా" అన్నారు. అలా వారం నుంచి బాబీ ఆఫీసు అరుగు మీద నడుస్తోంది. అతను ఇవతల, మనోజ్ఞ గడపకు అవతల. మధ్యలో పసుపు రాసిన చెక్క.

ఇంతకీ ఆ పదింటి మీటింగు మామూలుది కాదు. కంపెనీ వాళ్ళు అందరినీ హైదరాబాదు ఆఫీసుకి తిరిగి రమ్మంటున్నారు. మనోజ్ఞ బెజవాడలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతుంది, ఇప్పుడంటే సెలవులు గానీ ఆమె ఊరు వదిలి కదలదు. బాబీ ఇంటి నుంచే పని చేసుకోవచ్చని మేనేజరు హెలెన్ గారు ఒప్పుకుంటే సరి. లేకపోతే ఆషాఢం వెళ్ళగానే అతనక్కడ, ఆమె ఇక్కడ. "ఇంటి నుంచి పని అంటే సగం ఇల్లు, సగం పని అయిపోతుంది బాబీ. నీ ధ్యాసంతా పని మీదే ఉంటుందని నాకు చూపించు, అప్పుడు చూద్దాం" అన్నారావిడ.

చూపించడానికి బాబీ దగ్గర ఒక ఆయుధం ఉంది. అది అతని ల్యాప్‌టాప్‌లోని లాంచర్. ఒక మీట నొక్కితే తెర మధ్యలో చిన్న పెట్టె తేలుతుంది, అందులో అడిగిన యాప్ తెరుచుకుంటుంది. అందరికీ అది అంతే. బాబీ మాత్రం దానికి వారం రోజులు జీవితం ధారపోసి, సందర్భానికో మోడ్ చొప్పున మూడు మోడ్‌లు తయారు చేసుకున్నాడు. "ఆఫీసు" మోడ్‌లో మెయిలు, లెక్కల పట్టిక తెరుచుకుని, కెమెరాలో అతని వెనకాల పుస్తకాల బీరువా బొమ్మ వస్తుంది. "అమ్మ" మోడ్‌లో వెనకాల గన్నవరం ఆఫీసు బొమ్మ వచ్చి, పదిమంది కీబోర్డులు కొడుతున్న చప్పుడు, ఏసీ హోరు వినిపిస్తాయి. మూడోది "అత్తారిల్లు". మామగారు అటుగా వచ్చినప్పుడు క్రికెట్ స్కోరు మాయమై, తెర నిండా రంగురంగుల గ్రాఫులు పైకీ కిందికీ ఎగురుతాయి. అల్లుడు ఎంత పెద్ద పని చేస్తున్నాడో అని మామగారు మురిసిపోవాలి. మురిసిపోతున్నారు కూడా.

అక్కడితో ఆగినా బాగుండేది. మీట నొక్కడం కూడా శ్రమేననిపించి, ముందురోజు సాయంత్రం బాబీ ఇంకో మెరుగు దిద్దాడు. తల్లి వీడియో కాల్ చేస్తే లాంచర్ దానంతటదే "అమ్మ" మోడ్‌లోకి మారి కాల్ ఎత్తుతుంది. రెండు రింగుల్లో ఎత్తకపోతే రావమ్మ గారు ఆసుపత్రులకి ఫోన్లు మొదలుపెడతారు మరి. ఇక మైకులో "అల్లుడుగారూ" అన్న పిలుపు వినపడితే చాలు, "అత్తారిల్లు" వచ్చేస్తుంది.

"ఒక్క మీటింగుకి ఇంత హంగామా ఎందుకురా? మామూలుగా కూర్చుని మాట్లాడొచ్చుగా" అంది మనోజ్ఞ గడప అవతల నుంచి. తండ్రి వింటుంటే ఆమె మొగుణ్ణి "ఏవండీ" అంటుంది, వినకపోతే "ఒరేయ్" అంటుంది. మోడ్ మార్చడానికి ఆమెకి లాంచర్ అక్కర్లేదు.

"నీకు తెలీదు మనూ. ఇదొక సిస్టమ్."

"పెళ్ళిలో మూడు ముళ్ళకి నాలుగు వేశావు. అదీ సిస్టమేనా?"

"అది బ్యాకప్" అన్నాడు బాబీ, చొక్కా సర్దుకుంటూ.

పదింటికి తెర మీద హెలెన్ గారు ప్రత్యక్షమయ్యారు. "గుడ్ మార్నింగ్ బాబీ. ఎంత ప్రశాంతంగా ఉంది నీ గది! ఆ పుస్తకాలన్నీ నీవేనా?"

"ఖాళీ దొరికితే అదే పని మేడం" అన్నాడు బాబీ, ఆ బీరువాలో ఏ పుస్తకాలున్నాయో అతనికే తెలియకపోయినా.

తన తెరనే ఆవిడకూ కనపడేలా పెట్టి, లెక్కల పట్టికను వివరించడం మొదలుపెట్టాడు. మాట తడబడలేదు. ఆవిడ తల ఊపారు. ఒకసారి నవ్వారు కూడా. గడప అవతల మనోజ్ఞ బొటనవేలు ఎత్తి చూపించింది. సరిగ్గా అప్పుడే వెంకటప్పయ్య గారు పళ్ళెంతో అరుగెక్కారు.

"అల్లుడుగారూ! ఉప్మా పెసరట్టండీ. వేడి మీద తినాలి."

పట్టిక ఎగిరిపోయింది. హెలెన్ గారి ఎదుట తెర నిండా గ్రాఫులు. వాటిలో లావుపాటి ఎర్ర గీత ఒకటి కొండ మీది నుంచి దొర్లినట్టు కిందికి పోతోంది.

"ఆగాగు. ఏంటా ఎర్ర గీత? ఏ బ్రాంచిది?"

"అది... అదేం లేదు మేడం."

"ఏం లేకపోతే అంత కిందికెందుకు పోతోంది? నాకెవరూ చెప్పలేదే!"

"కంగారు పడకండి మేడం, ఇప్పుడు దానంతటదే పైకొస్తుంది" అన్నాడు బాబీ. వచ్చింది కూడా.

హెలెన్ గారు కళ్ళద్దాలు సర్దుకున్నారు. "వస్తుందని నీకెలా తెలుసు?"

"నేనే అలా పెట్టాను మేడం."

"లెక్కలు నువ్వు పెడుతున్నావా?"

బాబీకి చెమట పట్టింది. మీట నొక్కి "ఆఫీసు" తెచ్చుకున్నాడు. అల్లుడి ముఖం చూసి వెంకటప్పయ్య గారు కంగారు పడ్డారు. "ఏంటండి అల్లుడుగారూ, పచ్చిమిరపకాయ తగిలిందా?" ఎర్ర గీత మళ్ళీ దొర్లింది. బాబీ మళ్ళీ మీట నొక్కి, మామగారి వైపు తిరిగి పెదాల మీద వేలు పెట్టాడు. "పన్ను నొప్పా అల్లుడుగారూ?" అన్నారాయన మరింత ఆప్యాయంగా, మరింత గట్టిగా. గీత ఈసారి తెర దాటి పోయింది.

"నాన్నా, మీరా పిలుపు మానండి!" అంది మనోజ్ఞ గడప అవతల నుంచి.

"అల్లుణ్ణి అల్లుడుగారూ అనక ఏమంటారే? మర్యాద ఉండక్కర్లా?"

మర్యాద గురించి వాదన సాగుతుండగానే రావమ్మ గారి వీడియో కాల్ వచ్చింది. లాంచర్ రెండో రింగు దాకా కూడా ఆగలేదు. పుస్తకాల బీరువా ఉన్నచోట వరసగా కుర్చీలు, అద్దాల గదులు, కుండీలో మొక్క ప్రత్యక్షమయ్యాయి. పదిమంది కలిసి టకటకమని కీబోర్డులు వాయించడం మొదలుపెట్టారు.

హెలెన్ గారి ముఖంలో నవ్వు పూర్తిగా ఆరిపోయింది. "బాబీ, నువ్వెక్కడున్నావు?"

"ఇంట్లోనే మేడం."

"ఇంట్లోనా?" అన్నారు రావమ్మ గారు తెర మూల నుంచి. "గన్నవరం ఆఫీసన్నావు గదరా!"

"గన్నవరంలో మనకి ఆఫీసు లేదే" అన్నారు హెలెన్ గారు. "వెనకాల పనిచేసే వాళ్ళందరూ ఎవరు? బాబీ, సూటిగా చెప్పు. రెండో ఉద్యోగం చేస్తున్నావా?"

"రెండోదా? మొదటిదేమైందిరా? తీసేశారా? అయ్యో, పెళ్ళయి మూడు నెలలు కాలేదు! ఆ మాట్లాడే ఆవిడెవరు?"

బాబీ ముందు రెండే దారులు మిగిలాయి. బొమ్మ అలాగే ఉంచితే ఉద్యోగం పోతుంది. బొమ్మ తీసేస్తే, ఆషాఢంలో అత్తారింట్లో ఉన్నట్టు అమ్మకి తెలిసిపోతుంది. ఏది ఎక్కువ భయమో తేల్చుకోలేక అతను కీబోర్డు మీద చెయ్యి గాల్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు.

"ఆ బొమ్మ తీసెయ్యరా బాబూ!" అంది మనోజ్ఞ. తండ్రి పక్కనే ఉన్న సంగతి గుర్తొచ్చి, "తీసెయ్యండీ" అని దిద్దుకుంది. "ఉద్యోగం పోతే అత్తయ్యగారికి ఎలాగూ తెలుస్తుంది. అప్పుడు రెండు తిట్లు. ఇప్పుడైతే ఒకటే."

లెక్క సరిగ్గానే ఉంది. బాబీ బొమ్మ తీసేశాడు.

కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. దాని వెనకాల ఇన్నాళ్ళూ దాక్కున్న లోకమంతా ఒక్కసారి కెమెరాలోకి వచ్చింది. సున్నం వేసిన గోడ, గోడకి ఆనించిన పురుగుమందు డబ్బా, స్తంభానికి కట్టేసిన పెయ్యదూడ, పళ్ళెంతో మామగారు, గడప దాటకుండా చాచిన గాజుల చెయ్యి, ఆ చేతిలో అల్లం పచ్చడి గిన్నె.

దూడ ఒకసారి అరిచింది.

ముందుగా తేరుకున్నది రావమ్మ గారు. "అన్నయ్యగారూ! ఆషాఢంలో మావాణ్ణి ఇంట్లో పెట్టుకున్నారా?"

"ఇంట్లో కాదమ్మా చెల్లెమ్మా, అరుగు మీద!" అన్నారు వెంకటప్పయ్య గారు పళ్ళెం పక్కన పెట్టి చేతులు జోడిస్తూ. "వారమైంది, గడప తొక్కితే ఒట్టు. టేపు పెట్టి కొలిపిస్తాను, మీరే వచ్చి చూసుకోండి."

"నేనెట్టా వస్తానండీ, కోడలక్కడుంటే?"

"అవును గదా. పొరపాటు."

"ఒక్క నిమిషం" అన్నారు హెలెన్ గారు. కోపమో కుతూహలమో ఆవిడ గొంతులో తెలియడం లేదు. "మరి చెయ్యి కడుక్కోవాలంటే?"

"ఇంటి చుట్టూ తిరిగి పెరట్లోకి వెళతాను మేడం" అన్నాడు బాబీ తల దించుకుని.

"వానొస్తే?"

"గొడుగుందండీ మేడంగారూ" అన్నారు మామగారు.

హెలెన్ గారు కాసేపు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత, ఆ బొమ్మలు, చప్పుళ్ళు, గ్రాఫులు ఏమిటో చెప్పమన్నారు. బాబీ ఇక దాచలేదు. లాంచర్ తెరిచి మూడు మోడ్‌లనూ పేర్లతో సహా చూపించాడు. ఎర్ర గీత ఏ కంపెనీదీ కాదని, అది మామగారి గౌరవార్థం పైకీ కిందికీ తిరుగుతుందని ఒప్పుకున్నాడు. వెంకటప్పయ్య గారు ఆ మాటకి కొంచెం చిన్నబుచ్చుకున్నారు. నిన్ననే ఆయన ఆ గీత గురించి ఎరువుల కొట్టు దగ్గర గొప్పగా చెప్పి వచ్చారు.

"అయిపోయింది మనూ" అన్నట్టు బాబీ గడప వైపు చూశాడు. మనోజ్ఞ పచ్చడి గిన్నె కింద పెట్టేసింది.

"బాబీ, మాకు ఆషాఢం లేదు" అన్నారు హెలెన్ గారు నెమ్మదిగా. "కానీ నాకూ అత్తగారున్నారు. కొండపల్లిలో. రోజూ మధ్యాహ్నం సరిగ్గా మీటింగు మధ్యలో ఫోన్ చేసి, ఏం కూర వండావంటారు. ఈ 'అమ్మ' మోడ్... వెనకాల వంటగది బొమ్మ పెట్టొచ్చా? పోపు చప్పుడు వస్తుందా?"

బాబీ తలెత్తాడు. "వస్తుంది మేడం! ఆవాల చిటపట వేరే, కుక్కరు విజిల్ వేరే పెట్టొచ్చు!"

"పూర్తిగా అబద్ధం ఆడొద్దులే, కుక్కరు చాలు. నీ పని నేను చూశాను, పట్టికలో తప్పు లేదు. ఇంత గోలలో తప్పు లేకుండా చేశావంటే నీకు ఇంటి నుంచి పని ఇవ్వొచ్చు. ఇస్తున్నాను."

గడప అవతల గాజులు గలగలలాడాయి. వెంకటప్పయ్య గారు ఆనందం పట్టలేక "అల్లుడుగారూ!" అన్నారు. ఎర్ర గీత తెర మీదికి దూకింది, ఈసారి ఎవరూ పట్టించుకోలేదు.

"కాకపోతే ఇది మన టీమ్ అందరికీ కావాలి" అన్నారు హెలెన్ గారు. "ఎవరి ఇల్లు వాళ్ళది, ఎవరి బాధ వాళ్ళది, ఫోన్లో చెప్పుకునేవి కావు. నువ్వే హైదరాబాదు వచ్చి ఒక్కొక్కరి పక్కనా కూర్చుని పెట్టివ్వాలి. ఎప్పుడు రాగలవు?"

సంతోషంలో ఉన్న మనిషిని ప్రశ్న అడగకూడదు. "ఆషాఢం వెళ్ళిన మర్నాడే వచ్చేస్తాను మేడం!" అన్నాడు బాబీ.

"నెల రోజులు పట్టదూ?"

"తప్పకుండా పడుతుంది మేడం! ఇంకా ఎక్కువే పట్టొచ్చు!"

"గుడ్. టికెట్ బుక్ చేయిస్తాను" అని హెలెన్ గారు తెర మీద నుంచి వెళ్ళిపోయారు. రావమ్మ గారు కూడా శాంతించి, "పోనీలే, శ్రావణంలో కోడలు నా దగ్గరే ఉంటుంది. నువ్వు జాగ్రత్తగా వెళ్ళిరా" అని దీవించి కాల్ పెట్టేశారు.

బాబీ నవ్వుతూ గడప వైపు తిరిగాడు. మనోజ్ఞ నవ్వడం లేదు. చేతుల్లో రెండు కాఫీ గ్లాసులున్నాయి. అతన్నే చూస్తూ ఒకటి తాగింది. తర్వాత రెండోది కూడా తాగింది.

ఆషాఢం నెల రోజులేనని పంచాంగాలన్నీ ఒకే మాట మీద ఉన్నాయి. దాన్ని రెండు నెలలు చేసుకోగలిగినవాడు కృష్ణా జిల్లా మొత్తానికి బాబీ ఒక్కడే.