ఖైదీలకు సాసేజీలు, నాయకుడికి క్యాబేజీ

చెప్తే నవ్వుతారు గానీ, డాక్టరు నాతో ‘మాంసం మానెయ్’ అని ఊరుకుంటే సరిపోయేది. పక్కనున్న మా ఆవిడ వెర్నాకి కూడా వినబడేలా అన్నాడు. అప్పట్నుంచి ఈ విస్కాన్సిన్ చలిలో నాకు పూటపూటా క్యాబేజీ సూపే గతి.

అయితే శనివారం మా బేస్‌మెంట్‌కి నేనే రాజుని. నా స్నేహితులు గస్, లాయిడ్ వీరులు. వాళ్లకి ఎదురయ్యే రాక్షసులందరూ నేనే. పాచికలేసి కథ ఆడుకుంటాం. ఆటలో నేనన్నదే శాసనం. అన్నాక నేనైనా వెనక్కి తీసుకోకూడదు. పోయిన వారం వీరులిద్దరూ ఓర్కులనే కోరల రాక్షసులకు చిక్కారు. అక్కడికక్కడే తినేస్తే ఆట ముగిసిపోతుందని, ‘ఓర్కులు ఖైదీలను బాగా మేపి, బలిశాకే తింటారు’ అని శాసించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఈ శనివారం వంటింట్లోకి వెళ్లి గొంతు సవరించుకున్నాను.

“వెర్నా, ఇవాళ ఓర్కుల విందు. బీరులో ఉడికించి కాల్చిన సాసేజీలు కావాలి.”

“ఎవరికి?”

“నాకు కాదు! ఓర్కుల నాయకుడికి.”

“ఆ నాయకుడెవరు?”

“నేనే అనుకో. కానీ తినేది వాడు.”

“కొవ్వు పట్టేది వాడికా, నీకా?”

“కళ కోసం వెర్నా!”

“సరే, కళంటే నాకూ ఇష్టమే. ఓర్కుల వంటలక్కగా నేనూ ఆడతా.”

అంత తేలిగ్గా ఒప్పుకుందేమిటని అనుమానపడాల్సింది. సాసేజీల వాసనకి మతిపోయింది.

ఆట మధ్యలో వెర్నా బేస్‌మెంట్‌కి పళ్లెం తేగానే చెయ్యి చాపాను.

“ఆగు నాయకా! ఖైదీలను మేపాలని శాసించావటగా?”

గస్‌గాడు తల దించుకున్నాడు. ముందే ఫోన్ చేసి వాడి దగ్గర కూపీ లాగిందన్నమాట.

“శాసించాను. అయితే?”

“అయితే ఇది ఖైదీల పళ్లెం. పాపం, ఎలా చిక్కిపోయారో!”

పొట్ట అడ్డమై గస్‌కి తన బూట్లు కనబడి ఏళ్లయింది. “ఒకటే నీరసం వెర్నా,” అంటూ అప్పటికే నములుతున్నాడు.

“మరి నాయకుడికో?”

నా ముందు సూపు గిన్నె పెట్టింది.

నేనూరుకుంటానా? “చెరసాల తలుపు తెరుచుకుంది! కాపలావాళ్లు నిద్రపోయారు! పారిపోండి!”

“మేం రాం,” అన్నాడు గస్.

“భూకంపం! గోడలు కూలాయి!”

“మంచిదేరా, గాలొస్తుంది,” అన్నాడు లాయిడ్, ఆవాల ముద్ద అద్దుకుంటూ.

వెర్నా పడీపడీ నవ్వింది. ఆ నవ్వంటే నాకు ప్రాణం, అందుకే కోపం కూడా సరిగ్గా రాలేదు.

“సూపెలా ఉంది నాయకా?”

నోరు తెరవబోయాను. “ఒరేయ్, ఓర్కులు ఏం పెట్టినా లొట్టలేసుకుంటూ తింటారని మొదటి ఆటలోనే శాసించావు,” అని గస్ గుర్తు చేశాడు.

లొట్టలేశాను.