పదకొండో సంబంధం, గుప్పెడు ఉప్పు

పొద్దున్నే బయల్దేరి కనిగిరి వెళ్ళడం, అమ్మాయిని చూడడం, చీకటిపడేలోపు ప్రత్తిపాడు వచ్చేయడం. ఆ ఆదివారం శ్రీకృష్ణ పెట్టుకున్న పని ఇంతే. ముప్పై నాలుగేళ్ళు, ఐదెకరాల మిర్చి, తప్పిపోయిన సంబంధాలు పది. అసలే మిర్చి రైతుకి పిల్లనిచ్చేవాళ్ళు తక్కువ, దానికితోడు నడినెత్తిన జుట్టు ఊడింది. ఇది కూడా తప్పితే ఇక చూపులకే వెళ్ళనని తనలో తాను ఒట్టు పెట్టుకున్నాడు. విసుగొచ్చేసింది పాపం.

చెల్లెలు హారిక అతన్ని అద్దం ముందు కూర్చోబెట్టింది. "సీ సాల్ట్ స్ప్రే అన్నయ్యా. ఉప్పునీళ్ళే. కొడితే జుట్టు ఒత్తుగా కనపడుద్ది."

కొన్న సీసా అయిపోవడంతో వేడినీళ్ళలో రాళ్ళుప్పు కలిపింది. చెంచాడు చాలని వీడియోలో చెప్పారు. అన్నయ్య నెత్తి చూశాక ఆమెకి చాలదనిపించి గుప్పెడు వేసింది. జుట్టు నిజంగానే లేచి నిలబడి నడినెత్తిని కప్పేసింది. శ్రీకృష్ణ ఎన్నాళ్ళకో అద్దంలో రెండోసారి చూసుకున్నాడు.

గడప దాటేముందు తల్లి కోటేశ్వరమ్మ ఎప్పటిలాగే ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి కొడుక్కి దిష్టి తీసి పొయ్యిలో వేసింది.

కారులో ఏసీ పనిచేయదు. మార్చి ఎండకి నెత్తిమీది నీళ్ళు ఆరిపోయి ఉప్పు మిగిలింది. కనిగిరిలో ఫ్యాను కింద కూర్చోగానే తెల్లగా రాలడం మొదలుపెట్టింది. అందరూ మర్యాదగా చూపు తిప్పుకున్నారు. పెళ్ళికూతురి నాయనమ్మ బసవమ్మకి అలాంటి మొహమాటాలు లేవు. నేలమీది పలుకు ఒకటి తీసి గోటితో నలిపింది.

"చుండ్రు కాదే. ఉప్పు. అబ్బాయికి దిష్టి తీశారా?"

"అబ్బే, లేదండి," అంది కోటేశ్వరమ్మ, ఎందుకొచ్చిన గొడవని.

"అదేంటే, పొద్దున తీశావుగా," అన్నాడు శ్రీకృష్ణ తండ్రి బాపయ్య. ఆయనకి అబద్ధం చేతకాదు.

దిష్టి తీసిన ఉప్పు తొక్కితే ఆ దిష్టి తొక్కినవాళ్ళకి చుట్టుకుంటుంది. అదేమో సరిగ్గా కుర్చీకీ వంటింటి గుమ్మానికీ మధ్య పడింది. "శ్రీరమ్యా, ఇటు రామాక," అని కేకేసింది బసవమ్మ. కాఫీ ట్రేతో పెళ్ళికూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. బాపయ్య కాళ్ళు పైకి పెట్టుకున్నాడు.

"అది దిష్టి ఉప్పు కాదండి, జుట్టుకి కొట్టుకున్నది," అన్నాడు శ్రీకృష్ణ.

"జుట్టుకి నూనె రాస్తారు గానీ ఉప్పెవరు రాస్తారయ్యా? మామిడికాయ ముక్కలకి రాస్తారు. ఇంతకుముందు సంబంధాలేమైనా తప్పాయా?"

"పది," అన్నాడు బాపయ్య.

బసవమ్మ ఇంకేమీ వినలేదు. పక్క సందులోంచి అతన్ని పెరట్లోకి నడిపించి కుళాయి కింద తల వంచమంది. రెండు బిందెల నీళ్ళకి ఒత్తూ ఎత్తూ పోయి నడినెత్తి బయటపడింది. కోటేశ్వరమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. శ్రీకృష్ణకి సిగ్గుకన్నా అలసటే ఎక్కువగా ఉంది. ఇంటికెళ్ళి పడుకుంటే చాలనిపించింది.

వంటింటి వెనక తలుపు తీసుకుని శ్రీరమ్య తువ్వాలు తెచ్చిచ్చింది. "ఇలాగే రావచ్చుగా," అంది.

"పది ఇళ్ళకి ఇలాగే వెళ్ళానండి."

ఆమె ఆ నెత్తిని కాసేపు చూసింది. "మా అక్కకి ఈ సంగతి పెళ్ళయిన మూడోరోజు తెలిసింది. బావ విగ్గు తీసి మేకుకి తగిలించాడు. మీరు ముందే కడిగి చూపించారు." వెనక్కి తిరిగింది. "నాయనమ్మా, నాకిష్టమే."

తాంబూలాలు ఆ రోజే పుచ్చుకున్నారు, పెరట్లో నిలబడి. ఉప్పు రాలిన హాల్లోకి మాత్రం పెళ్ళయ్యేదాకా ఎవరూ అడుగుపెట్టలేదు.