చిల్లర బుద్ధి

"నగదు నాగరికతకు పట్టిన చీడ! దాన్ని చేత్తో తాకినవాడు గత శతాబ్దపు మనిషి. కావున ఇందుమూలంగా శాఖా సిబ్బంది యావన్మందికీ, వారిపై ఆధారపడిన కుటుంబ సభ్యులకూ తెలియజేయడమేమనగా, విదేశీ పర్యటనలో ఎవరి వద్దనైనా నోటు గానీ నాణెం గానీ దొరికినచో తగు చర్య తీసుకోబడును."

ఈ ఉత్తర్వును నగదు నిర్మూలన శాఖ డైరెక్టరుగారు స్వయంగా రాసి, స్వయంగా సంతకం పెట్టి, ఒక ప్రతి ఇంటికి కూడా పంపించారు. ఆయన మీద ఆధారపడిన కుటుంబ సభ్యురాలు ఇంట్లో ఒక్కరే, ఆయన భార్య. ఆవిడ అందినట్టు సంతకం పెట్టి కాగితం తీసుకుంది. ఆసాంతం చదివి, నాలుగు మడతలు పెట్టి, వంటింటి సొరుగులో బొద్దింకల మందు కింద పరిచింది.

ఆవిడ బస్సు కండక్టరు కూతురు. తండ్రి డ్యూటీ దిగి రాగానే తోలుసంచీ బోర్లించి, నాణేలను రకం వారీగా దొంతులు పేర్చడమే ఆవిడ మొదటి చదువు. చిల్లర లేకుండా గడప దాటడం ఆవిడ వంటికి సరిపడదు. డైరెక్టరుగారికి ఈ సంగతి ఇరవై ఆరేళ్ళుగా గొంతులో ముల్లు. "నీది చిల్లర బుద్ధి" అని వారానికి రెండుసార్లయినా అంటారు. పెళ్ళయిన కొత్తలో ఆ మాటకి ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఇప్పుడు కూరలో ఉప్పు సరిచూసుకుంటూ వింటుంది.

సంగతేమిటంటే, దూరదేశంలో ప్రపంచ నగదు నిర్మూలన మహాసభ జరుగుతోంది. అందులో డైరెక్టరుగారు "నగదు తాకని నా జీవితం" అనే అంశం మీద ఉపన్యసించాలి. దాని వీడియో చూసి మంత్రిగారు ముచ్చటపడితే కార్యదర్శి పదవి ఖాయం. పడకపోతే రిటైరయ్యేదాకా ఇదే కుర్చీ, అడుగున గుచ్చుకునే ఇదే స్ప్రింగు. అందుకని ఆయన నిద్ర లేచినప్పటినుంచీ పడుకునేదాకా నగదు తాకడం లేదని రుజువు చెయ్యడానికి, ఫోనులో వీడియో తీసే ప్రచార గుమాస్తా ఒకడు వెంట బయలుదేరాడు. డైరెక్టరుగారికి చక్కెర జబ్బు కనక, మందుల సంచీ మోయడానికి భార్య సొంత ఖర్చు మీద బయలుదేరింది.

విమానాశ్రయంలో డైరెక్టరుగారు రెండు జేబులూ కుందేలు చెవుల్లా బయటికి లాగి ఫొటోలు దిగారు. పత్రికలవాళ్ళు చప్పట్లు కొట్టారు. కెమెరాలన్నీ ఆ జేబుల మీద ఉన్న సమయంలో భార్య పక్కనున్న మారకం కిటికీకి వెళ్ళి, తాను దాచుకున్న సొమ్మంతా ఆ దేశపు డబ్బుగా మార్పించుకుంది. పెద్ద నోట్లు కావాలా, చిన్నవా అని కిటికీలోని మనిషి అడిగితే, ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్నవి ఇమ్మంది. అక్కడ దిగాక ఒక్కో నోటునీ ఒక్కో కొట్లో మార్చింది. ఒక చోట దువ్వెన, ఒక చోట మంచినీళ్ళ సీసా, ఇంకో చోట ఇంకో దువ్వెన. సాయంత్రానికి నాలుగు దువ్వెనలూ, సంచీ నిండా నాణేలూ పోగయ్యాయి. వాటిని మందుల సంచీలో మాత్రల అట్టల కింద దాచింది. డైరెక్టరుగారు ఆ సంచీని జన్మలో తెరిచి ఎరగరు. వేళకు మాత్ర అరచేతిలోకి రావడమే ఆయనకు తెలుసు.

ఇక డైరెక్టరుగారి దగ్గర మూడు కార్డులున్నాయి. హోటలు కౌంటరులోని అమ్మాయి మొదటి కార్డును మిషనులో పెట్టి, మీ డబ్బులో కడతారా, మా డబ్బులో కడతారా అని అడిగింది. డైరెక్టరుగారి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. పరాయి గడ్డ మీద కూడా మన డబ్బు చెల్లుతోందంటే అది మన శాఖ ఘనతే అని గుమాస్తా ఫోను వైపు తిరిగి ప్రకటించి, "మన డబ్బు" అన్న మీట నొక్కారు. బయటికొచ్చిన కాగితాన్ని భార్య తీసి చూసింది. నూటికి ఎనిమిది ఎక్కువ పడింది. అలా నొక్కితే మారకం రేటు మిషను తనకి తోచినట్టు వేసుకుంటుందనీ, ఏ దేశంలో ఉంటే ఆ దేశపు డబ్బులోనే కట్టడం మేలనీ ఆ అమ్మాయే జాలిపడి చెప్పింది. దేశభక్తికి ఆ మాత్రం ఖర్చవుతుందన్నారు డైరెక్టరుగారు. ఆ తర్వాత టాక్సీ దగ్గరా, టిఫిను దగ్గరా దేశభక్తి చూపించి చూపించి, మర్నాటికి ఆ కార్డులో ఉన్నదంతా ఊడ్చేశారు.

రెండోది శాఖవారి కార్డు. అది గీకినప్పుడల్లా ఒక రహస్య సంఖ్య ఆఫీసు ఫోనుకు వెళుతుంది. ఆఫీసు ఫోను సొరుగులో ఉంది. సొరుగు తాళం అటెండరు దగ్గరుంది. అటెండరు సెలవులో ఉన్నాడు. మూడోది డైరెక్టరుగారి సొంత కార్డు. దాన్ని ఒక్క కాఫీ కోసం గీకగానే, ఎవడో దొంగ ఈ మహానుభావుడి కార్డుతో విదేశంలో కాఫీ తాగుతున్నాడని బ్యాంకువారికి అనుమానమొచ్చి, "మీ భద్రత దృష్ట్యా" అంటూ నిలిపేశారు. డైరెక్టరుగారికి ఆ క్షణం నుంచీ భద్రతకు లోటు లేదు.

మర్నాడు మహాసభ. సభా భవనం అద్దాల మేడ. లోపల అన్నీ కార్డుతోనే తెరుచుకుంటాయి, బాత్రూములతో సహా. తలుపు మీద కార్డు తాకించగానే నాణెం మొహం ఎరగని ఆధునిక బాత్రూము స్వాగతం పలుకుతుందని ఆహ్వాన పత్రికలో రాశారు. ఆ పూట నెట్‌వర్కు పడిపోయింది. "మీ సహనానికి కృతజ్ఞతలు" అని తలుపుల మీద ఆరు భాషల్లో కాగితాలు అంటించారు. సహనం ఎంతసేపు పట్టాలో ఏ భాషలోనూ రాయలేదు.

డైరెక్టరుగారి ఉపన్యాసానికి ఇంకా అరగంట ఉంది. అప్పటికి ఆయన రెండు కాఫీలూ, ఒక సీసా మంచినీళ్ళూ పుచ్చుకుని ఉన్నారు. పైగా చక్కెర జబ్బు. ఉపన్యాసం చూస్తే నలభై నిమిషాలు. ఆయన మొహంలో రంగులు మారడం చూసి, వీధికి అవతల రైల్వే స్టేషనుందని భార్య గుర్తుచేసింది. ముగ్గురూ వీధి దాటారు. డైరెక్టరుగారి నడకలో హుందాతనం, పరుగు కలిసిపోయి కొత్త నడకొకటి తయారైంది.

స్టేషను బాత్రూము ముందు ఇనప గేటుంది. గేటుకి ఒక చిన్న కంత ఉంది. కంత పక్కన ఒక నాణెం బొమ్మ ఉంది. ఇంకేమీ లేదు.

డైరెక్టరుగారు మూడు కార్డులనూ పేకముక్కల్లా విప్పి, ఒక్కొక్కటే ఆ కంతకి చూపించారు. తాకించారు. రుద్దారు. గేటు కదల్లేదు. గుమాస్తా మాత్రం బుద్ధిగా వీడియో తీస్తూనే ఉన్నాడు.

భార్య ఒక్క క్షణం ఆలోచించింది. మొగుడి పదవి ఒక పక్కన, మొగుడి పరువు ఒక పక్కన, మధ్యలో ఈ గేటు. గుమాస్తాని పిలిచి, స్టేషను ముందున్న గడియారం చాలా బాగుందనీ, మంత్రిగారికి గడియారాలంటే ఇష్టమనీ చెప్పింది. వాడు అటు పరిగెత్తాడు. అప్పుడు ఆవిడ మందుల సంచీని ఒకసారి చిన్నగా కదిపింది. లోపల గలగలమంది.

డైరెక్టరుగారు ఉలిక్కిపడ్డారు. ఉత్తర్వు గుర్తుచేద్దామని నోరు తెరిచారు. కింద పరిస్థితి గుర్తొచ్చి మూశారు.

"నాకు తాత్కాలిక ప్రాతిపదికన ఒక లోహపు సాధనం అవసరమైంది," అన్నారు.

"తెలుగులో అడగండి."

"అత్యవసర నిమిత్తం, పూర్వ ఉత్తర్వులకు భంగం కలగని రీతిలో..."

"ఏమండీ, ఉపన్యాసానికి పావుగంటే ఉంది."

డైరెక్టరుగారు అటూ ఇటూ చూశారు. కళ్ళు మూసుకున్నారు. "చిల్లరుంటే పడెయ్యవే తల్లీ," అన్నారు.

ఇరవై ఆరేళ్ళలో ఆ గొంతులో అంత దీనత్వం ఆవిడ వినలేదు. ఎంత వద్దనుకున్నా హాయిగా అనిపించింది. నాణెం తీసి ఇవ్వబోతే ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నారు. తన చెయ్యి తగలకూడదట, కావాలంటే ఆవిడే వెయ్యచ్చట. ఆవిడే వేసింది. గేటు టక్కున తెరుచుకుంది. శాఖ బాధ్యతలు చేపట్టిన నాటినుంచీ ఆయన ఏ పనికీ అంత చురుగ్గా కదిలి ఉండరు.

ఆవిడ బయట నిలబడింది. కాసేపటికి లోపల్నుంచి ఒకాయన వచ్చాడు. కోటుకి మహాసభవారి గుండ్రటి బిళ్ళ ఉంది, నాణెం బొమ్మ మీద ఎర్రగీత కొట్టిన బిళ్ళ. ఆయన దాన్ని తిరగేసి తగిలించుకున్నాడు. ఆయన వెనకాల ఇంకొకాయన, బిళ్ళని టై కింద దాచుకుని. ఆ వెనక ఇద్దరు. లోపల మహాసభలో సగం ఉన్నట్టుంది. ఎవరూ ఎవరినీ చూడలేదు. అందరూ రైలు కోసం వచ్చినట్టు మొహాలు పెట్టుకుని గడియారం వైపు చూస్తూ వెళ్ళిపోయారు.

ఈలోగా గేటు ముందుకి మహాసభలో మిగతా సగం చేరింది. వీళ్ళ దగ్గర నాణేల్లేవు. కొందరు గెంతుతున్నారు. కొందరు కాళ్ళు మెలిపెట్టి కవాతు చేస్తున్నారు. ఏ దేశం వాళ్ళో, ఏ భాష వాళ్ళో. ఆ అవసరానికి భాష అక్కర్లేదు. చూసి చూసి ఆవిడకి జాలేసింది. మందుల సంచీ తెరిచి, వరసలో రమ్మని చేత్తో సైగ చేసి, మనిషికో నాణెం కంతలో వేసుకుంటూ పోయింది. ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకుని, కళ్ళజోడు పెట్టెలోంచి మడతపెట్టిన నోటు తీసి బలవంతంగా ఆవిడ చేతిలో కుక్కాడు. ఆవిడ మిగతా చిల్లర లెక్కపెట్టి తిరిగిచ్చింది. అదంతా మహాసభ నిర్వాహకురాలు దూరం నుంచి చూస్తోంది. దగ్గరికొచ్చి, ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

పావుగంట తర్వాత డైరెక్టరుగారు వేదిక మీదున్నారు. గుమాస్తా వీడియో తీస్తున్నాడు. "ఈ దేశంలో అడుగుపెట్టిన నాటినుంచి ఈ క్షణం దాకా ఈ చెయ్యి ఒక్క నాణేన్ని తాకలేదు" అంటూ ఆయన కుడిచెయ్యి పైకెత్తారు. అది నిజమే కనక ఆయన గొంతు ఖంగున మోగింది. సభలో సగం మంది ఆయనకి ఎడమపక్కనా కుడిపక్కనా నిలబడి లఘుశంక తీర్చుకున్నవాళ్ళే. వాళ్ళంతా లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగేదాకా డైరెక్టరుగారు మంచినీళ్ళు తాగుతూ ఉన్నారు. అవి చాలాసేపు ఆగలేదు.

ప్రపంచం నగదు అవసరాన్ని పూర్తిగా దాటిపోయిందని ఏకగ్రీవంగా తీర్మానం చేశారు. అధ్యక్షులవారు లేచి, తీర్మానం నెగ్గిందని ప్రకటించి, గొంతు సవరించుకుని, నెట్‌వర్కు ఇంకా రాలేదనీ, ఎవరికైనా సాంకేతిక ఇబ్బందులుంటే హాలు వెనకనున్న సాంకేతిక సహాయ కేంద్రాన్ని సంప్రదించగలరనీ చెప్పారు. ఆ మాట పూర్తికాకుండానే హాలు హాలంతా వెనక్కి తిరిగింది.

సాంకేతిక సహాయ కేంద్రమంటే ఒక చిన్న బల్ల. బల్ల మీద మందుల సంచీ. సంచీ వెనకాల ఆవిడ. నిర్వాహకురాలు దండం పెట్టి మరీ కూర్చోబెట్టింది. నాణేలను రకం వారీగా దొంతులు పేర్చుకుని, ఎవరు నోటిస్తే వాళ్ళకి చిల్లరిస్తోంది. వచ్చినవాళ్ళకి ఇబ్బందిగా ఉంటుందని మొహాల వైపు చూడకూడదని నియమం పెట్టుకుంది. చేతుల్నే చూసింది. గడియారం పట్టీ కిందనుంచి ఒక నోటొచ్చింది. టోపీ అంచులోంచి ఒకటొచ్చింది. ఉపన్యాసం కాగితాల మధ్యనుంచి ఒకటొచ్చింది. ఫోను తొడుగు వెనకనుంచి ఒకటొచ్చింది. ఆ ఫోను ఎక్కడో చూసినట్టు అనిపించి ఆవిడ చూపు తిప్పుకుంది. ప్రచార గుమాస్తా చిల్లర తీసుకుని చల్లగా జారుకున్నాడు.

తర్వాత బల్ల మీదికొచ్చిన నోటు చాలా పెద్ద నోటు. నాలుగు మడతల మీద మడమ ఆకారానికి వంగిపోయి ఉంది. పట్టుకుంటే వెచ్చగా, కొంచెం తడిగా ఉంది. దానికి ఒక కాగితం కూడా అతుక్కుని వచ్చింది. ఆవిడ నెమ్మదిగా ఊడదీసింది. సొంత ఊళ్ళో మారకం చేసిన రసీదు. ప్రయాణానికి పది రోజుల ముందటి తేదీ. కింద పూర్తి పేరు, హోదాతో సహా.

ఆవిడ నియమం తప్పి తలెత్తి చూసింది. డైరెక్టరుగారు ఒక కాలికి బూటు లేకుండా, గోడ వైపు చూస్తూ నిలబడి ఉన్నారు.

ఆవిడకి ముందు ఒళ్ళు మండింది. తనకి సంతకం పెట్టించి మరీ ఉత్తర్వు ఇచ్చిన మనిషి ఆ వారంలోనే వెళ్ళి ఇది తెచ్చుకున్నాడన్నమాట. గేటు దగ్గర గిలగిల్లాడినంతసేపూ ఇది ఆయన కాలి కిందే ఉందన్నమాట. కంతలో నోటు పట్టదు కనకనే "తల్లీ" అన్నాడన్నమాట. ఇరవై ఆరేళ్ళుగా పడ్డ మాటలన్నీ ఒక్కసారి చెవుల్లో గింగురుమన్నాయి. ఆ వెంటనే బూటు లేని ఆ కాలి వైపు చూసింది. ఆపుకోలేనంత నవ్వొచ్చింది.

"ఏమండీ, ఈ నోటు ఇంటి దగ్గర్నుంచి కాలినడకన వచ్చినట్టుందే."

డైరెక్టరుగారు ఆ కాలి మీంచి ఈ కాలి మీదికి, ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుతున్నారు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

"మాటలు తర్వాత," అన్నారు. "ముందు చిల్లరివ్వు."

ఆవిడ సరేనని దొంతిలోంచి నాణేలు తీసి, ఒక్కొక్కటే బల్ల మీద పెడుతూ, పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. చాలా నిదానంగా, చాలా నిజాయితీగా లెక్కపెట్టింది. పెద్ద నోటాయె, నాణేలు చాలానే ఉన్నాయి. ముప్ఫై దాటాక ఎక్కడో లెక్క తప్పింది. అన్నీ మళ్ళీ దగ్గరికి లాక్కుని, ఒకటి నుంచి మొదలుపెట్టింది.