రెండు కళ్ళ సర్టిఫికెట్

బిల్డింగ్ ఇన్‌స్పెక్టరుగారు దైవభక్తులు. ప్రాణం పోయినా అబద్ధమాడరు. ఆ పొద్దున పక్కింటావిడ నిచ్చెన అడిగితే, ఆయన భార్య "విరిగిపోయిందండీ" అని పంపేసింది.

"నా ఇంట్లో అబద్ధమా?" ఆయన మండిపడ్డారు.

"పోయినసారి ఇస్తే ఆర్నెల్లు ఉంచేసుకుందండీ!"

"అది ఆవిడ పాపం. ఇది మన పాపం."

దేవుణ్ణి తలుచుకుని పెరట్లోకి వెళ్ళి, బంగారంలాంటి నిచ్చెనకి ఓ మెట్టు విరగ్గొట్టి వచ్చారు. ఇంటి పరువు దక్కింది.

"సర్లెండి. ఇవాళ తనిఖీ అమ్మాయి బళ్ళోనేగా? క్లాసు గోడ బీటలు వారిందట, కాస్త చూడండి," అంది భార్య.

"కాస్తేంటమ్మా! అందులోంచే పక్క క్లాసుకి రబ్బర్లు అందిస్తున్నాం," అంది కూతురు.

"విన్నమాట సాక్ష్యం కాదమ్మా," అన్నారు నాన్నగారు.

ఆయన పనితీరే వేరు. గుమ్మంలో అడుగుపెట్టగానే కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెడతారు. యజమాని చెయ్యి పట్టుకుని అంతస్తులన్నీ తిప్పి, మళ్ళీ గుమ్మంలో దింపుతాడు. అప్పుడు కళ్ళు తెరిచి, "నా కళ్ళకి ఏ లోపమూ కనబడలేదు" అని రాసి సంతకం పెడతారు. అందులో అక్షరం అబద్ధం లేదు.

ఆ రోజు బడికి మంత్రిగారు కూడా వేంచేశారు.

"ఇన్నాళ్ళూ కళ్ళు తెరుచుకు తిరిగినవాళ్ళందరికీ లోపాలే కనబడ్డాయి. ఈ మహానుభావుడికి ఒక్కటైనా కనబడిందా? అదీ నిష్ఠంటే!" అని మైకులో మెచ్చుకుని, తానూ కళ్ళు మూసుకున్నారు. మంత్రిగారు మూసుకున్నాక అధికారులు తెరుచుకుంటే బాగుండదు. హెడ్మాస్టరు ముందు నడవగా, ఒకరి భుజం ఒకరు పట్టుకుని అందరూ రైలుబండిలా మేడెక్కారు.

మేడ మీద తల్లిదండ్రుల వరసలో నించుని ఆయన భార్య చూస్తోంది. బీట దగ్గరికి రాగానే ఇన్‌స్పెక్టరుగారి నెత్తిన అరచేతంత పెచ్చు ఊడిపడింది. ఆయన ఎడమ కన్ను రవంత తెరుచుకుంది. బీటని పైనుంచి కిందిదాకా చూసి, మళ్ళీ మూసుకుంది. పెదవుల మీద ప్రార్థన జోరందుకుంది.

గుమ్మంలో కలం పట్టుకుని ఆయన చాలాసేపు ఆలోచించారు. నిజాయితీపరుడికి కష్టకాలం అంటే అదే. చివరికి, "నా రెండు కళ్ళకీ ఏ లోపమూ కనబడలేదు" అని రాసి సంతకం పెట్టారు. చప్పట్లు మోగాయి.

రాత్రి భోజనాల దగ్గర భార్య వడ్డిస్తుంటే ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఒక నిర్ణయం తీసుకున్నాను. రేపట్నించి అమ్మాయి ఆ బడికి వెళ్ళదు."

కూతురు నమలడం ఆపేసింది.

"మరి మా క్లాసువాళ్ళు, నాన్నా?"

"వాళ్ళ కోసం రోజూ ప్రార్థన చేస్తాను," అన్నారాయన, కంచం ముందుకు జరుపుతూ.