నాలుగు ఉతుకుల తెలుపు

సాయంత్రం ఆరింటికి ఫోటో. ఆలోగా చంద్రపూర్ వెళ్లి, కొత్త పన్ను పెట్టించుకుని తిరిగి రావాలి. సిరొంచలో బట్టల దుకాణం నడిపే దత్తయ్య ఆ రోజు వేసుకున్న పథకం ఇంతే. పెళ్లినాటికే ఆయన ముందుపన్ను సగం విరిగి ఉండేది. అందుకని పెళ్లి ఫోటోలో మూతి బిగించుకుని నిలబడ్డాడు. "ఇష్టం లేకున్నా గుంజుకొచ్చి నిలవెట్టినట్టున్నరు" అని భార్య చంద్రావతి ముప్పై ఏళ్లుగా దెప్పుతూనే ఉంది. ముప్పయ్యో పెళ్లిరోజు ఫోటోలోనైనా నోరారా నవ్వి ఆ మాట పోగొట్టుకోవాలని పాపం ఆయన కోరిక. పన్ను సంగతి ఆమెకు చెప్పలేదు. వారం నుంచి తాత్కాలిక పన్నును మీసం చాటున దాచుకుని తిరిగి, ఇవాళ సరుకుకు పోతున్నానన్నాడు.

నిజానికి కిందటి వారం చంద్రపూర్‌లో పళ్ల డాక్టరమ్మ రంగుల నమూనా పళ్లు ముందు పెట్టినప్పుడే కొంప మునిగింది. ఆమె లేత పసుపుది తీసింది. దత్తయ్య ట్యూబ్‌లైటు కింద రంగు నమ్మే మనిషి కాదు. నమూనాలన్నీ పట్టుకుని ఎండలోకి నడిచి, అన్నిటికంటే తెల్లది ఏరి తెచ్చాడు.

"ఇదే ఉండనియ్యుండ్రి మేడం. నాలుగు ఉతుకులైతే రంగు అదే దిగుతది."

పింగాణీకి రంగు దిగదని ఆమె మొత్తుకుంది. బట్టల ఏజెంట్లందరూ చెప్పే మాటేలే అని ఆయన నవ్వేశాడు.

ఇప్పుడు ఆ పన్ను కూర్చుంది. తిరుగు బస్సు అద్దంలో చూసుకుంటే, పాత గోడకు కొత్తగా అతికించిన ఒక్క టైలులా మెరుస్తోంది. దత్తయ్యకు చెమటలు పట్టాయి. ఉతుకులు పడాల్సిందే అనుకున్నాడు. ఆష్టిలో బస్సు ఆగగానే ఖర్రా పొట్లం కొన్నాడు. పొగాకు, సుపారీ, సున్నం నలిపిన ఆ సరుకును భార్య నెత్తిన చెయ్యి పెట్టి మూడేళ్ల క్రితం మానేసినవాడు! అల్లపల్లిలో రెండో పొట్లం, దారిలో మూడోది. సిరొంచ చేరేసరికి మిగతా పళ్లన్నీ మట్టిరంగుకు తిరిగాయి. పింగాణీ మాత్రం ఇంకా తెల్లగా కనిపిస్తోంది.

నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని స్టూడియోలోకి వెళ్లాడు. పట్టుచీరలో ఎదురుచూస్తున్న చంద్రావతికి ముందు వాసన తగిలింది.

"నా నెత్తి మీద ఒట్టేసిండ్రు! దీనికేనా చంద్రపూర్ పోయింది? నాకు ఫోటో వద్దు, గీటో వద్దు!"

"వదినా, జర నిలవడుండ్రి" అని ఫోటోగ్రాఫర్ విలాస్ బతిమాలాడు. ఆమె నిలబడింది గానీ, మొహం గోడవైపు తిప్పుకుంది.

దత్తయ్యకు ఏడుపొక్కటే తక్కువ. రుమాలు తీసేశాడు.

"నీ కోసమే చంద్రా! ఫోటోల నవ్వుదామని పన్ను పెట్టిచ్చుకున్న. తెలుపు జర ఎక్కువైంది. దించుదామని ఖర్రా తిన్న" అని నోరు బార్లా తెరిచాడు.

చంద్రావతి తిరిగి చూసింది. మరుక్షణం ఆయన భుజం పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేలా పగలబడి నవ్వింది. ముప్పై ఏళ్లలో ఆమె అంతలా నవ్వగా ఆయన చూడలేదు. సంతోషమూ సిగ్గూ ఒక్కసారే ముంచుకొచ్చి, దత్తయ్య గబుక్కున మూతి బిగించాడు. విలాస్ సరిగ్గా అప్పుడే మీట నొక్కాడు.

ఆ ఫోటో ఇప్పుడు దుకాణంలో గల్లా పైన, పెళ్లి ఫోటో పక్కనే వేలాడుతోంది. బట్టలకు వచ్చినవాళ్లు రెండూ చూసి, "పాపం, సేటుకు ఇప్పటికి గూడ ఇష్టం లేనట్టున్నది" అనుకుంటూ పోతున్నారు.