శుభ్రమైన దుమ్ము

"నగరంలోని దుమ్ములో సీసం లేదు!" అని ధూళి నియంత్రణ కార్యాలయం సగర్వంగా ప్రకటించింది. పరీక్షలు మాత్రం ఇంకా జరగలేదు. ముందు ప్రకటన, తర్వాత పరీక్ష. అది ఆ కార్యాలయపు పద్ధతి!

పదహారేళ్లుగా వీధి వీధి తిరిగి దుమ్ము పోగుచేస్తున్న నమూనాల గుమాస్తా ఆ పద్ధతికి ఏనాడూ అడ్డు చెప్పలేదు. ఈసారి మాత్రం ఆ పరీక్ష అతనికే కావలసి వచ్చింది. అతని ఏడాదిన్నర కూతురి రక్తంలో సీసం బయటపడింది. పాత బ్యాటరీలు కరిగించే షెడ్డు వాళ్ల వీధి చివరే ఉంది.

"నేల మీద ఆడుతుంది, చేతులు నోట్లో పెట్టుకుంటుంది. ఆ షెడ్డు తీయించండి. లేకపోతే పిల్లకి మాటలు కూడా సరిగ్గా రావు" అంది డాక్టరమ్మ.

షెడ్డు కదలాలంటే రిపోర్టు కావాలి. గుమాస్తా తన వీధి దుమ్ము ఊడ్చి, డబ్బాలోకెత్తి, అధికారి బల్ల మీద పెట్టాడు. అధికారి మూత తీసి మొహం చిట్లించాడు.

"ఇదేంటయ్యా, ఇంత మురికిగా ఉంది!"

"దుమ్ము కదండీ."

"దుమ్మయితే మాత్రం? పరీక్షకి పంపేది కాస్త శుభ్రంగా ఉండొద్దూ! మా ఇంటి కిటికీ మీద తీసుకో. రోజూ తుడిపిస్తాం. డబ్బా మీద మీ వీధి పేరు రాసెయ్."

"సార్, మా పాప..."

"పాప సంగతి తర్వాత. ముందు ఆఫీసు పరువు చూడు!"

ఉద్యోగం కదా, గుమాస్తా వెళ్లి కిటికీ తుడుచుకొచ్చాడు.

వారానికి రిపోర్టు వచ్చింది. హద్దుకి తొమ్మిది రెట్లు సీసం! వీధిలో పొగ తగ్గాలని నిరుడు షెడ్డు గొట్టం ఎత్తు పెంచమన్నది అధికారే. పొగ బుద్ధిగా ఆజ్ఞ పాటించి, వీధి దాటి ఆయనగారి మేడ మీద దిగింది.

"మా ఇంట్లో పసివాడున్నాడయ్యా! నా మనవడు!" అని అధికారి కుర్చీలోంచి లేచిపోయాడు.

గుమాస్తాకి ప్రాణం లేచొచ్చింది. "అయితే షెడ్డు తీయిస్తారాండీ?"

"షెడ్డా? ప్రకటన ఇచ్చేశాక దుమ్ములో సీసం ఎలా ఉంటుందయ్యా!"

సాయంత్రానికల్లా ఆయన సామాను ఊరికి అవతలి కొసనున్న ఇంటికి చేరింది. మర్నాడు రిపోర్టులో తొమ్మిది పోయి సున్నా వచ్చింది. అధికారి గుమాస్తాని పిలిచి, భుజం తట్టి, ఒక ఉత్తర్వు చేతిలో పెట్టాడు.

"పాప గురించి బెంగపెట్టుకున్నావుగా! మేం ఖాళీచేసిన ఇల్లు నీకే ఇప్పించాను. ఇవాళే దిగిపో. సీసం మచ్చుకైనా లేదు. అనుమానముంటే రిపోర్టు చూసుకో!"